పొరుగువారి పళ్ళెం కూడా అమానతే

ఒక ముస్లిం బజారులో విదేశీ చాక్లెట్టు డబ్బానో, కొత్తరకం కేకు ప్యాకెట్టునో చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు ఏం చేస్తాడు? వెనక్కు తిప్పి సన్నటి అక్షరాలు చదువుతాడు. ఇందులో పంది కొవ్వు ఉందా? సారా కలిసిందా? జెలటిన్ ఉంటే అది ఏ జంతువుది? ఏమాత్రం అనుమానం కలిగినా దాన్ని తిరిగి అరలో పెట్టేస్తాడు. ఇది చాలా మంచి అలవాటు. బఖరా సూరా 168వ ఆయతులో అల్లాహ్ మానవులందరినీ ఉద్దేశించి, భూమిలో ఉన్నవాటిలో ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన ఆహారాన్నే తినమని ఆజ్ఞాపించాడు. ఆ ఆజ్ఞను పాటించే శ్రద్ధలో భాగమే ఈ చదవడం.

అయితే ఇదే ముస్లిం తన ఇంటికి వచ్చిన శాకాహారి అతిథికి తీపి వడ్డించేటప్పుడు కూడా అంతే శ్రద్ధగా ఆ అక్షరాలు చదువుతాడా? చదవాల్సిన బాధ్యత అతనిపై ఉందా? ఈ ప్రశ్న మాకు మద్రసాలో చదువుకునే రోజుల్లో ఎదురుకాలేదు. మా ఇంటి వంటగదిలో ఎదురైంది.

ఒక పండుగనాటి సంగతి

కొన్నేళ్ళ క్రితం మేము గుంటూరు జిల్లాలోని ఒక చిన్న ఊళ్ళో ఇమామతు చేస్తుండేవాళ్ళం. మా ఇంటికి ఆనుకొని ఒక రిటైర్డు మాస్టారి కుటుంబం ఉండేది. వారు వైష్ణవులు. ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. ప్రతి రంజాన్ పండుగకు మా ఇంట్లో వారు ఒక గిన్నె ప్రత్యేకంగా తీసి, మాంసం వండిన పాత్రలేవీ తగలకుండా, వారి కోసం వేరుగా షీర్ ఖుర్మా కాచేవారు. మాస్టారి భార్య స్వయంగా వచ్చి, మా వసారాలో కూర్చొని, పిల్లలను దీవించి, ఆ గిన్నె ఖాళీ చేసి వెళ్ళేవారు. ఆమె బంధువుల ఇళ్ళలో తప్ప బయట ఎక్కడా ఏమీ తినరని మాకు చాలాకాలం తర్వాత గానీ తెలియలేదు.

ఒక సంవత్సరం మా బావమరిది సౌదీ నుంచి సెలవుపై వచ్చాడు. తెచ్చిన సామాన్లలో జెల్లీ పొడి ప్యాకెట్లు ఉన్నాయి. పిల్లల ముచ్చట తీర్చడానికి మా ఇంట్లో వారు ఆ పండుగకు షీర్ ఖుర్మాతో పాటు కస్టర్డు కూడా చేసి, అందులో ఎర్రటి జెల్లీ ముక్కలు వేశారు. ప్యాకెట్టు మీద అరబీలో 'హలాల్' అని స్పష్టంగా రాసి ఉంది. మేము చూసింది అంతవరకే. మాస్టారి భార్య ఆ కస్టర్డు రెండుసార్లు వేయించుకున్నారు. "ఈ ఎర్రవి బాగున్నాయి అమ్మాయ్, దేంతో చేశావు?" అని అడిగారు కూడా. "మా తమ్ముడు సౌదీ నుంచి తెచ్చిన పొడి, పిన్నిగారూ" అని మా ఇంట్లో వారు నిజమే చెప్పారు.

ఆ రాత్రి వంటగది సర్దుతూ ఖాళీ ప్యాకెట్టు వెనక ఉన్నది చదివినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ జెలటిన్ ఆవు జాతి పశువులది. ఇస్లామీయ పద్ధతిలో జబహ్ చేసిన పశువులదే. మనకు ఏ అభ్యంతరమూ లేదు. కాని ఆమెకు?

ఇంట్లో చర్చ మొదలైంది. బావమరిది అన్నాడు: "చెప్పి ఏం లాభం? ఆమెకు తెలియదు. తెలియక తిన్నది దోషం కాదు. చెబితే ఆమె మనసు విరిగిపోతుంది. పదిమంది చెవిన పడితే ఊళ్ళో మాట ఎటు పోతుందో ఎవరు చూశారు?" అతని మాటలో భయం ఉంది. ఆ భయం అర్థం లేనిదని మేము అనలేం. నేటి వాతావరణంలో ఇలాంటి చిన్న మాట ఎంత పెద్ద మంటగా మారగలదో అందరికీ తెలుసు. మా ఇంట్లో వారు మాత్రం ఒకే మాట అన్నారు: "ఆమె నన్ను అడిగారు. నా మాట నమ్మి తిన్నారు."

మేము ఏం చేశామో చెప్పే ముందు ఈ సమస్య ఎంత విస్తృతమైనదో, మన ధర్మం దీని గురించి ఏమంటుందో చూద్దాం.

తీపిలో దాగి ఉండేవి

కేకు అంటే మైదా, చక్కెర, వెన్న, గుడ్డు అని మనం అనుకుంటాం. గుడ్డు లేని కేకు అడిగితే శాకాహారికి అంతా సరిపోయిందని బేకరీ వారూ అనుకుంటారు. కాని నేటి తీపి వంటకాల్లో కంటికి కనిపించని వస్తువులు చాలా ఉన్నాయి.

వాటిలో మొదటిది జెలటిన్. పశువుల చర్మం, ఎముకలు, నరాల్లో ఉండే కొల్లాజెన్ అనే పదార్థాన్ని ఆమ్లంతో గాని సున్నంతో గాని శుద్ధి చేసి, వేడినీటిలో ఊరేసి దీన్ని తీస్తారు. ఆవు, గేదె, పంది, చేప - వేటి నుంచైనా తీయవచ్చు. రంగు, వాసన ఉండవు. నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. మార్ష్‌మాలో, మూస్, కాల్చకుండా చేసే చీజ్‌కేకు, ఇటలీవారి పన్నా కోటా వంటి వాటిని గడ్డకట్టించేది ఎక్కువగా ఇదే.

రెండోది గుడ్డు. మెరింగ్, మాకరూన్ వంటి తీపి పదార్థాలు గుడ్డు తెల్లసొనతోనే తయారవుతాయి. కేకుల మీద గట్టిగా ఆరే తెల్లటి ఐసింగులోనూ అది ఉండవచ్చు. బన్నుల మీద మెరుపు కోసం సొన పూస్తారు. పిండిలో గుడ్డు లేకపోయినా పైపూతలో ఉంటుంది.

మూడోది రంగు. 120 అనే సంఖ్యతో రాసే కార్మైన్ అనే ఎరుపు రంగును కొచినీల్ అనే కీటకం నుంచి తీస్తారు. నాలుగోది కొవ్వు. 471 అనే సంఖ్య గల పదార్థాన్ని నూనెల నుంచీ తీయవచ్చు, జంతువుల కొవ్వు నుంచీ తీయవచ్చు. సంఖ్య చూసి ఏదో చెప్పలేం. రొట్టె పిండిని మెత్తపరచడానికి వాడే 920 పక్షి ఈకల నుంచి రావచ్చు, జంతు పదార్థం లేని మరో పద్ధతిలోనూ రావచ్చు. చీజ్‌ను విరగగొట్టే రెన్నెట్ సంప్రదాయ పద్ధతిలో దూడ పొట్ట నుంచి తీసేదే. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తీసినది కూడా విరివిగా వాడుతున్నారు.

ఇవన్నీ విదేశీ వస్తువులు కదా అని తేలిక పడనక్కరలేదు. మిఠాయి మీద అతికించే వెండి వర్ఖ్ సంగతి చూడండి. హైదరాబాదు పాతబస్తీలో వర్ఖ్ కొట్టే పని తరతరాలుగా మనవారి చేతుల్లోనే ఉంది. సంప్రదాయ పద్ధతిలో వెండి ముక్కను జంతువుల తోలు లేదా పేగుల పొరల మధ్య పెట్టి, గంటల తరబడి సుత్తితో కొట్టి రేకుగా పలచబరుస్తారు. కాగితాల మధ్య కొట్టినది, యంత్రాల మీద చేసినది కూడా ఇప్పుడు దొరుకుతోంది. గుడి ప్రసాదానికని మిఠాయి కొనుక్కునే సోదరుడికి ఈ తేడా పెద్ద విషయం. కొట్టినవాడికి మాత్రమే ఆ రేకు దేని మధ్య పలచబడిందో తెలుసు.

మన దేశ చట్టం ఈ విషయంలో వినియోగదారుడికి కొంత రక్షణ కల్పించింది. ప్యాకెట్టులో అమ్మే శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు గుర్తు ఉండాలి. గుడ్డు ఉన్నది మాంసాహారం కిందికే వస్తుంది. గుండ్రంగా ఉండే గోధుమరంగు గుర్తును 2020 నాటి నిబంధనలు త్రిభుజంగా మార్చాయి, రంగు గుర్తుపట్టలేనివారు కూడా ఆకారాన్ని బట్టి పోల్చుకోగలిగేలా. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు మరో అడుగు వేసింది. పదార్థాల పేర్లు, సంఖ్యలు రాస్తే చాలదు, అవి మొక్కల నుంచి వచ్చాయా, జంతువుల నుంచి వచ్చాయా అన్నది కూడా చెప్పాలని, తాను తినేది ఏమిటో తెలుసుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని తీర్పు ఇచ్చింది. కాని గల్ఫు నుంచి పెట్టెలో వచ్చిన ప్యాకెట్టుకు ఆకుపచ్చ చుక్క ఉండదు. మన గిన్నెలోంచి వడ్డించే కస్టర్డుకు ఏ గుర్తూ ఉండదు. అక్కడ మన నాలుకే గుర్తు.

దైవప్రవక్త (స) ముందు పెట్టిన పళ్ళెం

ఈ విషయంలో మన కళ్ళు తెరిపించే హదీసు ఒకటి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. దైవప్రవక్త (స) ఒకసారి తమ సతీమణి హజ్రత్ మైమూనా (రజి) ఇంట భోజనానికి కూర్చున్నారు. హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) కూడా ఉన్నారు. కాల్చిన ఉడుము మాంసం ఎదురుగా పెట్టారు. ఆయన (స) చెయ్యి చాచబోతుండగా, అక్కడున్న స్త్రీలలో ఒకరు, ఆయన తినబోయేది ఏమిటో ఆయనకు తెలియజేయండి అన్నారు. అది ఉడుము అని చెప్పగానే ఆయన (స) చెయ్యి వెనక్కు తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని ఖాలిద్ (రజి) అడిగారు. కాదని, తమ జాతివారి ప్రాంతంలో ఇది లేదు కాబట్టి తమకు సహించదని ఆయన (స) జవాబిచ్చారు. ఖాలిద్ (రజి) దాన్ని తన వైపు లాక్కొని తిన్నారు. దైవప్రవక్త (స) చూస్తూ ఊరుకున్నారు.

ఉడుము మాంసంపై ఫిఖహ్ పండితుల మధ్య ఉన్న భేదాభిప్రాయం ఇక్కడ మన చర్చ కాదు. మనం చూడవలసింది ఆ స్త్రీ అన్న మాట. ఆ వంటకం హరామ్ అని ఆమె అనలేదు. అయినా తినేవారికి తెలియాలని ఆమె పట్టుబట్టారు. తినబోయేవారి మనసుకు ఒక హక్కు ఉంది. ఆహారం ధర్మసమ్మతమైనంత మాత్రాన ఆ హక్కు రద్దు కాదు. చెప్పినందుకు ఆమెను ఎవరూ మందలించలేదు. వద్దన్నందుకు దైవప్రవక్త (స)ను ఎవరూ బలవంతపెట్టలేదు. తిన్నందుకు ఖాలిద్ (రజి)ని ఆయన (స) తక్కువ చేయలేదు. ఒకే దస్తర్‌ఖాన్ మీద తినేవారు, తిననివారు గౌరవంగా కూర్చున్నారు. అది సాధ్యమైంది ఎందుకంటే ముందే నిజం చెప్పబడింది.

రెండో సంఘటన హజ్రత్ అబూబక్ర్ (రజి)ది. ఆయన సేవకుడు ఒకరోజు ఆహారం తెచ్చి పెట్టాడు. ఆయన తిన్నారు. తర్వాత ఆ సేవకుడు, తాను అజ్ఞాన కాలంలో ఒకరికి జోస్యం చెప్పానని, దాని ప్రతిఫలంగా వచ్చినదే ఇది అని చెప్పాడు. అబూబక్ర్ (రజి) గొంతులో వేలు పెట్టుకొని కడుపులో ఉన్నదంతా కక్కేశారు (బుఖారీ). మనం ఈ సంఘటనను తఖ్వాకు ఉదాహరణగా ప్రసంగాల్లో చెప్పుకుంటాం. కాని మరోవైపు నుంచి కూడా చూడండి. తనకు తగదని నమ్మిన ఆహారం తెలియకుండా లోపలికి వెళ్ళినప్పుడు ఒక నిష్ఠ గల మనిషి పడే వేదన ఎంతటిదో ఇందులో కనిపిస్తుంది. మన పెద్దల వేదన మనకు అర్థమైతే, పొరుగింటి వృద్ధురాలి వేదన ఎందుకు అర్థం కాదు?

కొన్ని ప్రశ్నలు, వాటి జవాబులు

ఈ సందర్భంలో మనవారు సాధారణంగా వేసే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటి ప్రశ్న: "అల్లాహ్ హలాల్ చేసినదాన్ని వారు తమకు తాము నిషేధించుకున్నారు. ఆ నిషేధాన్ని మనమెందుకు గౌరవించాలి?" అల్లాహ్ ధర్మసమ్మతం చేసినదాన్ని ధర్మం పేరుతో హరామ్ అని ప్రకటించే అధికారం ఎవరికీ లేదన్నది మన విశ్వాసం. అందులో రాజీ లేదు. కాని ఒక వస్తువు హలాల్ అని నమ్మడం వేరు, దాన్ని ఇష్టంలేనివాడి నోట్లో పెట్టడం వేరు. హలాల్ అంటే తినడానికి అనుమతి. ఇతరులకు తెలియకుండా తినిపించడానికి అనుమతి కాదు. ధర్మంలోనే బలవంతం లేదని బఖరా సూరా 256వ ఆయతు చెబుతుంటే, భోజనంలో బలవంతం ఎక్కడిది? తెలియకుండా తినిపించడం కూడా బలవంతమే. అందులో చెయ్యి పట్టుకోం, కళ్ళు మూస్తాం, అంతే తేడా.

రెండో ప్రశ్న: "తెలియక తిన్నవాడికి దోషం లేదు కదా, మరి నష్టమేమిటి?" తిన్నవాడికి దోషం లేదన్నది నిజమే. పొరపాటున జరిగినదానికి పట్టు లేదు, హృదయాలు సంకల్పించి చేసినదానికే పట్టు ఉందని అహ్‌జాబ్ సూరా 5వ ఆయతు మనకు బోధిస్తుంది. అయితే ఆ ఆయతు తిన్నవాడికి ఊరట అయినట్లే, తెలిసి పెట్టినవాడికి హెచ్చరిక. అతనికి తెలియదు, మనకు తెలుసు. అతని అజ్ఞానం మన సంకల్పాన్ని కడిగివేయదు. పైగా ఈ వాదనను మనమీదే ప్రయోగించి చూడండి. ఎవరో మనకు పంది కొవ్వుతో చేసిన పేస్ట్రీ పెట్టి, "నీకు తెలియదు కాబట్టి నీకు పాపం లేదులే" అంటే మనం ఒప్పుకుంటామా?

ఇక్కడే ముతఫ్ఫిఫీన్ సూరా మొదటి మూడు ఆయతులు గుర్తుకు రావాలి. ఇతరుల నుంచి తీసుకునేటప్పుడు నిండుగా కొలిచి తీసుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారికి అల్లాహ్ వినాశాన్ని ప్రకటించాడు. మనం దాన్ని ధాన్యపు కొలతలకే పరిమితం చేసుకున్నాం. ప్యాకెట్టు మీద జెలటిన్ ఏ జంతువుదో స్పష్టంగా రాయాలని లోకాన్నంతా నిండు కొలత అడిగే మనం, మన చేతి వంటలో ఏముందో పొరుగువాడికి చెప్పేటప్పుడు కొలత తగ్గిస్తే అది తఫ్ఫీఫ్ కాదా?

మూడో ప్రశ్న: "చిటికెడు జెలటిన్, ఒక చుక్క రంగు. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?" పరిమాణం సమస్య కాదు, నమ్మకం సమస్య. 1857లో సిపాయిలు నోటితో కొరికి చింపవలసిన తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న వార్త పుట్టినప్పుడు హిందువులూ ముస్లిములూ ఒకే విధంగా రగిలిపోయారు. కొవ్వు ఎన్ని తులాలని ఎవరూ తూచలేదు. తమకు తెలియకుండా తమ ధర్మంతో ఆడుకున్నారన్నదే వారి ఆగ్రహం. అమెరికాలో 2001లో జరిగినదీ అలాంటిదే. మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1990లో తమ ఆలుగడ్డ వేపుళ్ళకు శాకాహార నూనే వాడతామని ప్రకటించింది. కాని ఆ వేపుళ్ళలో గొడ్డు మాంసపు రుచి పదార్థం చేరుస్తూ వచ్చింది. హిందువులు, శాకాహారులు సియాటిల్ కోర్టుకు వెళ్ళారు. 2002లో ఆ సంస్థ క్షమాపణ చెప్పి, 1 కోటి డాలర్లు హిందూ, శాకాహార తదితర సంస్థలకు ఇవ్వడానికి ఒప్పుకుంది. అది అబద్ధం ఆడిందని కాదు, సగం నిజం చెప్పి ఊరుకుందని వారి బాధ. మేము ఆ కథ చదివినప్పుడు "సౌదీ నుంచి తెచ్చిన పొడి" అన్న జవాబు గుర్తుకు వచ్చింది. అదీ నిజమే. అదీ సగమే.

నాలుగో ప్రశ్న బేకరీ నడిపే సోదరులది: "అన్నీ చెబుతూ కూర్చుంటే వ్యాపారం సాగేదెలా?" దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు కుప్పలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. జనం చూసేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) ప్రశ్నించి, మోసగించేవాడు తమవాడు కాదన్నారు (ముస్లిం). ధాన్యం అమ్మవద్దని అనలేదు, తడిని పైకి తెమ్మన్నారు. కొనేవాడు, అమ్మేవాడు నిజం చెప్పి లోపాలను విప్పి చూపితే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని మరో హదీసు (బుఖారీ, ముస్లిం). ఇమామ్ అబూహనీఫా (రహ్మ) బట్టల వ్యాపారి అన్నది తెలిసిందే. తమ భాగస్వామి ఒక బట్టలోని లోపాన్ని కొనేవారికి చెప్పడం మరచి అమ్మేస్తే, ఆ సొమ్మంతా ఆయన దానం చేసేశారని చరిత్రకారులు రాశారు.

బేకరీ సోదరులారా! మీ దుకాణంలో గుడ్డు లేని కేకు కొనేవారిలో అధికులు శాకాహారులే. మీ పేరు, మీ గడ్డం చూసి కూడా మీ దుకాణం మెట్లెక్కారంటే వారు మీ మాటపై ఆధారపడ్డారని అర్థం. గుడ్డు సొన గిలకొట్టిన గిన్నెలోనే, అదే కవ్వంతో, కడగకుండా ఆ కేకు పిండి కలిపితే, దానికి 'ఎగ్‌లెస్' అని చీటీ అంటిస్తే, ఆ చీటీ అబద్ధపు సాక్ష్యం కాదా? వేరే గిన్నె, వేరే కవ్వం కొనడానికి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. అవి కొనలేకపోతే "మా దగ్గర రెండూ ఒకే గిన్నెలో కలుపుతాం" అని చెప్పడానికి అసలు ఖర్చే లేదు.

శ్రద్ధకు కూడా ఒక హద్దు ఉంది

ఇంత చెప్పిన తర్వాత ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రతి సంఖ్య వెనకా పరుగెత్తి, ప్రతి మెతుకునూ అనుమానించి, మనసు పాడుచేసుకోమని మన ధర్మం చెప్పలేదు. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు మాంసం తెస్తున్నారని, జబహ్ చేసేటప్పుడు అల్లాహ్ పేరు తలచారో లేదో తెలియడం లేదని కొందరు విన్నవించుకుంటే, మీరు అల్లాహ్ పేరు తలచి తినండని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). వస్‌వసా వేరు, తఖ్వా వేరు.

కాబట్టి మన బాధ్యత మూడు మాటల్లో ఉంది. తెలిసినది చెప్పాలి. సులభంగా తెలుసుకోగలిగినది తెలుసుకోవాలి. తెలియనిది "మాకు తెలియదు" అని ఒప్పుకోవాలి. ఈ మూడో మాట చాలామందికి కష్టంగా ఉంటుంది. "ఏమీ లేదు, నిశ్చింతగా తినండి" అనడం మర్యాద అనుకుంటాం. తెలియనిదానికి హామీ ఇవ్వడం మర్యాద కాదు.

ఇంట్లో ఆచరించడానికి సులభమైన దారులు ఉన్నాయి. జెలటిన్ బదులు మన అమ్మలు రంజాన్‌లో పాలతో కాచి గడ్డకట్టించే చైనా గ్రాస్ ఉంది. అది సముద్రపు నాచు నుంచి తీసేది. బాగా మరగనిస్తే తప్ప కరగదు. ఒకసారి గడ్డకట్టాక ఎండాకాలపు వేడికి కూడా జెలటిన్‌లా జారిపోదు. అలాగే శాకాహారులకు పంపే మిఠాయికి వర్ఖ్ లేకపోతే రుచి ఏమీ తగ్గదు. అన్నిటికంటే ముఖ్యంగా, అతిథి కూర్చోకముందే "మీరు ఏమేమి తినరు?" అని అడగడం నేర్చుకోవాలి. గుడ్డు తిని మాంసం తిననివారు ఉంటారు. గుడ్డు కూడా తిననివారు ఉంటారు. జైన సోదరులు ఉల్లి, వెల్లుల్లి, దుంపలు కూడా తినరు. పాలు, తేనె కూడా ముట్టనివారు ఇప్పుడు ఉన్నారు. అడిగితేనే తెలుస్తుంది.

మేము చేసినది

ఆ రాత్రి మేము మా ఉస్తాదు గారికి ఫోను చేశాం. వయసు మళ్ళిన మనిషి. అంతా విన్నారు. కితాబుల పేర్లేవీ చెప్పలేదు. "మీకు ఎవరైనా పొరపాటున పంది కొవ్వు పెట్టి ఉంటే, వారు వచ్చి చెప్పాలని కోరుకుంటారా, చెప్పకుండా మరుసటి పండుగకు మళ్ళీ పిలవాలని కోరుకుంటారా?" అని ఉర్దూలో అడిగారు. మా దగ్గర జవాబు లేదు. "మౌనంగా ఉంటే వచ్చే పండుగకు ఆమె మీ ఇంటికి వస్తుంది. కాని ఆమె వచ్చేది మీరు కాని మనుషుల ఇంటికి" అన్నారు.

మరుసటి రోజు ఫజ్ర్ తర్వాత మేమిద్దరం వెళ్ళాం. మాస్టారు అరుగు మీద పత్రిక చదువుతున్నారు. ప్యాకెట్టు ఆయన చేతికిచ్చి జరిగింది చెప్పాం. తెలియక జరిగిందని, అయినా చదవకపోవడం మా తప్పేనని, క్షమించమని అడిగాం. లోపలి నుంచి ఆమె వచ్చారు. విన్నారు. ముఖం మారిపోయింది. ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినిపించింది. మాస్టారు చాలాసేపు ప్యాకెట్టు వైపే చూసి, "మీరు చెప్పకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు, మౌల్వీ గారూ" అన్నారు. అది మెప్పుదలో, నిట్టూర్పో మాకు అర్థం కాలేదు.

ఆ సంవత్సరమంతా ఆమె మా ఇంట పండు తప్ప ఏదీ తీసుకోలేదు. మా ఇంట్లో వారు కొన్నిసార్లు ఏడ్చారు. నిజం చెప్పినవారికి వెంటనే ప్రతిఫలం దక్కుతుందని మేము చెప్పడం లేదు. ఆ సంవత్సరం మాకు బరువుగానే గడిచింది. మరుసటి రంజాన్ పండుగనాడు మాస్టారి భార్య తన ఇంటి నుంచి ఒక స్టీలు గిన్నె పట్టుకొని వచ్చి వసారాలో నిలబడ్డారు. "అమ్మాయ్, ఈసారి దేంతో చేశావు?" అని అడిగారు. మా ఇంట్లో వారు పాల గిన్నె, సేమ్యా ప్యాకెట్టు, చైనా గ్రాస్ పొట్లం వరుసగా తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని ఒక్కొక్కటీ చదివారు. చదివి గిన్నె ముందుకు జరిపారు.

ఆమె అలా చదవడం మాకు అవమానంగా తోచలేదు. మనం బజారులో చేసే పనే ఆమె మా వసారాలో చేశారు. అంతకుముందు ఆమె కళ్ళు మూసుకొని నమ్మేవారు. ఇప్పుడు అడిగి నమ్ముతున్నారు. అడిగితే నిజం చెబుతారన్న నమ్మకం అడగకుండా ఉండే నమ్మకం కంటే గట్టిదని మాకు ఆరోజు అర్థమైంది.

ప్రియ పాఠకులారా! మీపై యుద్ధం చేయని, మిమ్మల్ని ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టని వారి పట్ల మంచిగా, న్యాయంగా మెలగడాన్ని అల్లాహ్ వారించడం లేదని ముమ్తహినా సూరా 8వ ఆయతు చెబుతోంది. మంచితనం కస్టర్డు గిన్నెతో మొదలవుతుంది. న్యాయం ఆ గిన్నెలో ఏముందో చెప్పడంతో పూర్తవుతుంది. మొదటిది మాత్రమే చేసి రెండోది వదిలేస్తే, మన ఆతిథ్యం తడి ధాన్యం మీద పోసిన పొడి ధాన్యంలా మిగిలిపోతుంది.

మన నోటికి హలాల్‌ను, మన మాటకు నిజాయితీని, మన పొరుగువారికి మన వల్ల నిశ్చింతను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.